అంబాసిడర్ వెనక ఎర్ర దీపం: బల్బు ఒక్కటి మారిస్తే సరిపోతుందా?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోయే బండి సెకనులో అయిదో వంతు గడిచేసరికి దాదాపు నాలుగున్నర మీటర్లు ముందుకు జరుగుతుంది. అంబాసిడర్ కారు పొడవు 4.3 మీటర్లు. బ్రేకు తొక్కాక పాత అంబాసిడర్ వెనక దీపం నిండుగా వెలగడానికి పట్టే సమయం కూడా ఇంచుమించు ఆ అయిదో వంతు సెకనే. అంటే జనగామ దాటి వరంగల్ వైపు వచ్చే రహదారి మీద, ముందు కారు ఆగుతోందన్న కబురు పూర్తిగా అందేలోపే వెనకాల వచ్చే లారీ ఒక కారు పొడవు దూరం మింగేస్తుంది. ఆ డ్రైవరు చూసి, తేరుకుని, తన బ్రేకు మీద కాలు వేయడానికి పట్టే సమయం దీనికి అదనం.

పాత బల్బులో వెలిగేది టంగ్‌స్టన్ తీగ. వెలుగు రావాలంటే అది ముందు రెండున్నర వేల డిగ్రీలు దాటి కాగాలి. పెనం కాలకముందు దోసె పోయలేనట్టే, తీగ కాగకముందు వెలుగు రాదు. ఎల్‌ఈడీకి ఆ కాగే పని లేదు. రెండు రకాల అర్ధవాహక పొరలు కలిసే చోట ఎలక్ట్రాన్ ఒక ఖాళీలోకి దిగుతుంది, మిగిలిన శక్తి కాంతిగా బయటికి వస్తుంది. కంటికి తెలిసేంత ఆలస్యమే ఉండదు. పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లు వెనక దీపాలకు ఎల్‌ఈడీలు పెట్టించుకోవడానికి నా దృష్టిలో అన్నిటికన్నా బలమైన కారణం ఇదే. అందం, మెరుపు ఆ తర్వాతి మాట.

అయితే ఆ బల్బు చుట్టూ ఉన్న ఎర్ర అద్దం, వైరింగ్, ఫ్లాషర్, డైనమో అన్నీ తీగ బల్బు స్వభావాన్ని నమ్ముకుని తయారైనవి. బ్రిటన్‌లోని మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ కారునే మనవాళ్లు అంబాసిడర్‌గా 1950ల చివర్లో కోల్‌కతా దగ్గరి ఉత్తర్‌పారాలో తయారుచేయడం మొదలుపెట్టారు. 1959లో నెహ్రూ వరంగల్‌కు వచ్చి ప్రాంతీయ ఇంజినీరింగ్ కళాశాలకు శంకుస్థాపన చేసేనాటికి అది ఇంకా కొత్త కారే. మనిషి కంటికి కనిపించే ఎర్ర ఎల్‌ఈడీని అమెరికాలో నిక్ హోలోన్యాక్ వెలిగించింది 1962లో. అంటే ఈ కారును గీసినవాళ్ల ఊహలో కూడా ఎల్‌ఈడీ లేదు. 2014 మే నెలలో అంబాసిడర్ తయారీ ఆగిపోయింది. నీలి ఎల్‌ఈడీని సాధించిన, జపాన్‌లో పుట్టిన ముగ్గురు శాస్త్రవేత్తలకు అదే ఏడాది అక్టోబరులో నోబెల్ ప్రకటించారు.

ఆ నీలి ఎల్‌ఈడీ మీద ఆధారపడ్డదే ఇవాళ దుకాణాల్లో దొరికే తెల్ల ఎల్‌ఈడీ. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. పాత బల్బు తెల్లగానే వెలిగేది కదా, అద్దం ఎర్రగా ఉంది కదా అని తెల్ల ఎల్‌ఈడీ కొనేస్తారు. తీగ బల్బు కాంతిలో ఎరుపు పుష్కలంగా ఉంటుంది. అద్దం మిగతా రంగులను ఆపేసి ఎరుపును మాత్రం వదులుతుంది. తెల్ల ఎల్‌ఈడీ అలా కాదు. లోపల నీలి కాంతి, దాని మీద పూసిన పసుపు పదార్థం, రెండూ కలిసి కంటికి తెలుపనిపిస్తాయి. అందులో ఎరుపు పాలు తక్కువ. ఎర్ర అద్దం దాటి వచ్చేసరికి అది వెలవెలబోతుంది. ఎండకు అద్దం రంగు పలచబడ్డ కారైతే గులాబీ రంగులోకి దిగుతుంది కూడా.

ఎర్ర అద్దం వెనక ఎర్ర ఎల్‌ఈడీయే పెట్టాలి, ఇండికేటర్ అద్దం వెనక నారింజ రంగుదే పెట్టాలి. మంచి ఎర్ర ఎల్‌ఈడీ 620 నానోమీటర్ల దగ్గర వెలుగుతుంది. అక్కడ మన కన్ను 650 నానోమీటర్ల ముదురెరుపును చూసేదానికన్నా మూడింతలకు పైగా చురుగ్గా ఉంటుంది. పైగా పుట్టిన కాంతిలో ఎక్కువ భాగం అద్దం దాటి బయటికి వస్తుంది.

అంబాసిడర్ లాంటి కార్ల వెనక దీపంలో సాధారణంగా ఉండేది డబుల్ ఫిలమెంట్ బల్బు. ఒకటే గాజు బుడ్డి, లోపల రెండు తీగలు: రాత్రంతా వెలిగే పార్కింగ్ లైటుకు 5 వాట్లది, బ్రేకుకు 21 వాట్లది. తిరగేసి పెట్టకుండా ఉండటానికే దాని పక్కన ఉండే రెండు పిన్నులు ఎత్తుపల్లాలుగా ఉంటాయి. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం ఈ బల్బులో చిన్న తీగ ఇచ్చేది 35 ల్యూమెన్లు, పెద్ద తీగ ఇచ్చేది 440. కరెంటు ఖర్చు నాలుగింతలు, వెలుగు మాత్రం పన్నెండింతలకు పైగా. రాత్రి వెనకాల వచ్చేవాడికి ‘వీడు ఊరికే వెళ్తున్నాడు’, ‘వీడు ఆగుతున్నాడు’ అన్న తేడా తెలిసేది ఈ నిష్పత్తి వల్లే. చవకబారు ఎల్‌ఈడీ బల్బుల్లో ఎక్కువగా దెబ్బతినేది ఇదే. పార్కింగ్ లైటే ధగధగలాడుతుంది, బ్రేకు తొక్కితే ఇంకో పిసరు పెరుగుతుంది. పగలు చూసి మురిసిపోయిన ఆ బల్బు రాత్రి పాత బల్బుకన్నా ప్రమాదకరం.

దిక్కు సంగతీ చూడాలి. తీగ అన్ని వైపులకూ వెలుగు చిమ్ముతుంది. వెనకున్న మెరుగు రేకు దాన్ని ఒడిసిపట్టి ముందుకు పంపుతుంది. చిప్పులన్నీ కొసనే ఉన్న ఎల్‌ఈడీ బల్బు ఆ రేకును పట్టించుకోదు. అద్దం మధ్యలో ఒక చుక్క మెరుస్తుంది, చుట్టూ చీకటి. చుట్టూరా చిప్పులు ఉండి, పాత తీగ ఉన్న ఎత్తులోనే వెలిగే బల్బును ఎంచుకోవాలి.

కొత్త బల్బు కొనేముందు పాత హోల్డరును ఒకసారి విప్పి చూడమంటాను. డిక్కీ లోపలి నుంచి చేయి పెట్టి లాగితే చాలాసార్లు ఆకుపచ్చ చిలుము పట్టిన ఇత్తడి, దాని అంచున ఎర్రగా తుప్పు రాలుతూ కనిపిస్తాయి. కారులో కరెంటు వైరు మీద వస్తుంది, తిరిగి వెళ్లేది బండి రేకు మీదుగా. ఎలక్ట్రీషియన్లు ఎర్త్ అనేది దాన్నే. తుప్పు ఆ దారిని ఇరుకు చేస్తుంది. తీగ బల్బు వెలుగు వోల్టేజీకి చాలా సున్నితం: వోల్టేజీ పది శాతం పడిపోతే వెలుగు దాదాపు ముప్పై శాతం పడిపోతుంది. ఎర్త్ మరీ పాడైతే బ్రేకు కరెంటు దారి వెతుక్కుంటూ పక్క బల్బు తీగలోకి దూరుతుంది. బ్రేకు తొక్కితే ఇండికేటర్ మసగ్గా వెలిగే వింత దీనివల్లే. గరుకు కాగితంతో తుప్పు రుద్దేసి, హోల్డరు నుంచి ఛాసిస్‌కు విడిగా ఒక రాగి వైరు వేయిస్తే పాత బల్బే కొత్తగా వెలుగుతుంది. ఎల్‌ఈడీ వేయించినా వేయించకపోయినా వరంగల్ ఆటోనగర్‌కు కారు తీసుకెళ్లినప్పుడు ముందు చేయించాల్సిన పని ఇది. 1960ల దాకా బ్రిటిష్ నమూనా కార్లలో చాలావాటికి బ్యాటరీ పాజిటివ్‌నే ఎర్త్ చేసేవారు. ఎల్‌ఈడీలో కరెంటు ఒక వైపే పారుతుంది కాబట్టి అలాంటి కారులో మామూలు ఎల్‌ఈడీ వెలగనే వెలగదు. మీటరుతో చూసుకున్నాకే కొనాలి.

ఎల్‌ఈడీ పెట్టగానే ఇండికేటర్ మొరాయిస్తుంది. పాత ఫ్లాషర్ డబ్బాలో రెండు లోహాలు అతికిన పట్టీ ఉంటుంది. ముందూ వెనకా రెండు 21 వాట్ల బల్బులు కలిసి మూడున్నర ఆంపియర్లు లాగుతాయి. ఆ కరెంటు వేడికి పట్టీ వంగి కనెక్షన్ తెగుతుంది, చల్లారి మళ్లీ అతుక్కుంటుంది. టిక్కు టిక్కు చప్పుడు దానిదే. నిమిషానికి 60 నుంచి 120 సార్లు మినుకుమనడం నియమం. ఎల్‌ఈడీలు రెండూ కలిసి అర ఆంపియరు కూడా లాగకపోతే పట్టీ కాగదు. దీపం వెలిగి అలాగే ఉండిపోతుంది. దీనికి కొందరు 6 ఓముల రెసిస్టర్ కలిపి కృత్రిమంగా భారం పెంచుతారు. ఇంజను నడుస్తున్నప్పుడు ఆ రెసిస్టర్ వెలిగిన ప్రతిసారీ 30 వాట్ల వేడి కక్కుతుంది. ఏళ్ల తరబడి ఎండి పెళుసెక్కిన వైరింగ్ పక్కన అలాంటి నిప్పుకణిక పెట్టడం నాకు ససేమిరా నచ్చదు. భారంతో పని లేని ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయించడమే మేలు. డ్యాష్‌బోర్డు మీద కుడి ఎడమలకు కలిపి ఒకటే సూచిక బల్బు ఉన్న కార్లలో ఇంకో చిక్కు ఉంది. ఆ బల్బు గుండా కొద్దిపాటి కరెంటు అవతలి వైపు పోయి నాలుగు ఇండికేటర్లూ ఒకేసారి మినుకుమంటాయి. ఎల్‌ఈడీలకు ఆ కొద్దిపాటి కరెంటే చాలు. రెండు డయోడ్లు వేస్తే ఆ దారి మూసుకుపోతుంది.

డైనమో ఉన్న పాత కార్లకు ఎల్‌ఈడీ వల్ల ఇంకో ఊరట ఉంది. మేడారం జాతర రోజుల్లో పస్రా దాటాక బండ్లు అడుగులో అడుగు వేస్తాయి. ఇంజను మెల్లగా తిరిగేటప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, భారమంతా బ్యాటరీ మీదే. బ్రేకు మీద కాలు ఉన్నంతసేపూ మూడున్నర ఆంపియర్లు కారిపోతుంటాయి. ఎల్‌ఈడీతో అది అర ఆంపియరుకు దిగుతుంది. హెడ్‌లైట్ల వాటా ఎలాగూ తప్పదు కానీ, ఎర్రమట్టి దుమ్ములో గంటల తరబడి నిలబడ్డ కారుకు ఆ మూడు ఆంపియర్లూ విలువైనవే.

యాభై ఏళ్లు దాటిన కార్లకు 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ రిజిస్ట్రేషన్ నియమాలు ఛాసిస్, బాడీ, ఇంజను అసలు రూపంలో ఉండాలంటాయి. పాత హోల్డరులోనే ఇమిడే బల్బు వాటి జోలికి పోదు. కానీ బ్రేకు లైటు మినుకుమనేలా చేసే బల్బులు దొరుకుతున్నాయి; అవి వద్దు. బ్రేకు లైటు స్థిరంగా వెలగాలి.

బిగించాక రెండు పరీక్షలు చేయండి. సాయంత్రం నాలుగున్నరకు కారు వెనక భాగం పడమటి ఎండకు ఎదురుగా ఉండేలా నిలిపి, ఒకరిని బ్రేకు తొక్కమని ముప్పై అడుగుల దూరం నుంచి చూడండి. ఎండ పడితే ఎర్ర అద్దం ఆరిపోయి ఉన్నా వెలిగినట్టే మెరుస్తుంది. ఆ మెరుపును దాటి బ్రేకు లైటు తెలియాలి. చీకటి పడ్డాక పార్కింగ్ లైటు వేసి, ఇంకా దూరం నుంచి, ఇంకోసారి. ఎప్పుడు బ్రేకు తొక్కారో వాళ్లు చెప్పకుండానే మీకు తెలిసిపోవాలి. తెలియకపోతే ఆ బల్బు తీసేసి, శుభ్రం చేసిన హోల్డరులో పాత 21/5 వాట్ల బల్బునే మళ్లీ బిగించండి.