మృగరాజుల యేలుబడి

సింహమును మృగరాజందుము. గరివిడి బాలబాలికలు విశాఖపట్టణపు జంతుప్రదర్శనశాలలో దానిని చూచియుందురు. కాని దాని రాచరికమెంత అస్థిరమో గుజరాతులోని గిర్ ప్రాంతమున తెలియును. ఆసియా సింహములు స్వేచ్ఛగా సంచరించుచున్నది లోకమున అచ్చటనే. 2025 గణనలో అవి 891.

మగకూనలు సుమారు మూడవ యేట తల్లిమందను వీడి తిరుగాడును. అన్నదమ్ములైనను, పరాయివైనను రెండుమూడు జతగూడి ఒక ప్రదేశము నాక్రమించును. గర్జించియు, పొదలపై మూత్రము చిమ్మియు ఎల్లలు చాటును. గర్జనలను విని ఎదుటి పక్షమున ఎన్ని గలవో గ్రహించి, బలము చాలనిచో తొలగిపోవును.

కాలక్రమమున కోరలరుగును, జతలో ఒకటి మరణించును. అప్పుడు పడుచు జత పైబడి ముదుసలిని తరిమివేయును. అంతటితో ఆగక పసికూనలను చంపును. కూనలను కోల్పోయిన తల్లి త్వరలోనే మరల గర్భము దాల్చును గదా! కావున వృద్ధసింహము పోరాడునది పొలిమేరకొరకే కాదు. తన సంతతి పెరుగుటకు వలసిన కాలముకొరకు.

గిర్ ఆడసింహములు దీనికొక ఉపాయము నెరిగినవి. అవి ఇరుగుపొరుగు జతలలోని పలు మగసింహములతో కూడును. ఏ కూన దేనిదో తెలియక మగవి వానిని చంపక విడుచును.

తోడును, సత్తువయు ఉన్నంతవరకే మృగరాజునకు రాజ్యము. ఆ కొద్దికాలములో పెరిగిన కూనలే దానికి మిగులు సంపద.