బడి మారే హక్కు - ఎవరికి ఎంత?

ఒక విద్యార్థి ఒక పాఠశాల నుండి మరొక పాఠశాలకు మారడం చూడడానికి స్వల్ప విషయం. ప్రధానోపాధ్యాయుని సంతకం, ముద్ర, ఒక కాగితం. దానినే మనం టి.సి. అంటాం. 'బదిలీ' అనే మాట అరబ్బీ 'బదల్' నుండి ఉర్దూ మీదుగా మనకు వచ్చింది. ఒకదానికి బదులు మరొకటి అని దాని అర్థం. అయితే మన కరీంనగర్, ఆదిలాబాద్ ప్రాంతాలలో ఒక బడికి బదులుగా ఏ బడి దొరుకుతుందన్నది పిల్లవాని తెలివిని బట్టి గాక తండ్రి సంపాదనను బట్టి, ఇంట్లో మాట్లాడే భాషను బట్టి, పుట్టిన తెగను బట్టి నిర్ణయమవుతున్నది. ఈ వ్యాసంలో వివరించదలచినది ఆ సంగతే.

మొదట చట్టం ఏమంటున్నదో చూద్దాం. 2009 నాటి విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చింది. 6 నుండి 14 ఏళ్ళ వయస్సు గల పిల్లలు ఏ కారణం చేతనైనా బడి మారవలసి వస్తే అలా మారే హక్కును దాని 5వ సెక్షను ప్రసాదించింది. చదువుతున్న బడిలో పై తరగతులు లేకపోయినా అంతే. పాత బడి ప్రధానోపాధ్యాయుడు టి.సి.ని వెంటనే ఇవ్వాలి. ఆలస్యం చేస్తే అతనిపై క్రమశిక్షణ చర్య తీసుకోవచ్చు. అంతకంటె ముఖ్యమైన మాట మరొకటి ఉన్నది: టి.సి. రాలేదన్న కారణంతో కొత్త బడివారు ప్రవేశాన్ని ఆపరాదు, నిరాకరించరాదు. ఈ ఒక్క వాక్యం తెలియక ఎందరు తల్లిదండ్రులు వేసవి పొడవునా రెండు బడుల మధ్య తిరుగుతుంటారో! రేపు ఉపాధ్యాయ వృత్తిలో చేరబోయే మన విద్యార్థులు దీనిని కంఠస్థం చేసినా తప్పులేదు.

కాని అదే సెక్షనులో ఒక మినహాయింపు ఇమిడి ఉన్నది. చట్టం బడులను నాలుగు రకాలుగా విభజించింది: ప్రభుత్వ, స్థానిక సంస్థల బడులు, ప్రభుత్వ సహాయం పొందే బడులు, కేంద్రీయ విద్యాలయ, నవోదయ, సైనిక్ పాఠశాలల వంటి ప్రత్యేక తరగతికి చెందినవి, ఏ సహాయమూ పొందని ప్రైవేటు బడులు. బదిలీ హక్కు మొదటి రెండింటికే పరిమితం. కడపటి రెండింటి గుమ్మం దగ్గర ఆ హక్కు ఆగిపోతుంది. ప్రైవేటు బడులు నూటికి 25 సీట్లు బలహీన వర్గాల పిల్లలకు ఇవ్వాలని 12వ సెక్షను చెబుతున్నది గదా అని అడగవచ్చు. అది ప్రవేశ తరగతికి సంబంధించిన నిబంధన. 6వ తరగతిలో బడి మారదలచిన వానికి దానితో పని లేదు. పైగా తెలంగాణలో ఆ నిబంధన ఏళ్ళ తరబడి అమలుకే నోచుకోలేదు. అంటే, కలవాని బిడ్డ బడి మారడానికి చట్టంతో అవసరమే లేదు, రుసుము చాలు. పేదవాని బిడ్డకు చట్టం ఉన్నది గాని, అది అతనిని ఒక సర్కారు బడి నుండి మరొక సర్కారు బడికే చేర్చగలదు.

ప్రైవేటు నుండి ప్రభుత్వానికి మారడమైనా సులభమా? బీడీలు చుట్టే తల్లి, ఆటో నడిపే తండ్రి రెండేళ్ళు కష్టపడి బిడ్డను ప్రైవేటు బడిలో చదివిస్తారు. మూడవ ఏట చేయి సాగదు. మర మగ్గాల పని మందగించిన సంవత్సరాలలో సిరిసిల్ల వైపు ఇది మామూలే. అప్పుడు బాకీ చెల్లించిన తరువాతనే టి.సి. అంటారు. పేదరికం వల్ల బడి మారవలసి వచ్చిన వానిని ఆ పేదరికమే మారనీయదు! 2024 జూలైలో మద్రాసు హైకోర్టు టి.సి. అన్నది రుసుము వసూలుకు సాధనం కాదని, అందులో బకాయి ప్రస్తావన కూడా రాయరాదని చెప్పింది. నేడు కాగితానికి తోడు యూడైస్ కంప్యూటరు నమోదు ఒకటి వచ్చింది. పాత బడివారు అక్కడ పేరు వదలకపోతే కొత్త బడి జాబితాలోకి ఆ పేరు రావడం ఆలస్యమవుతుంది.

మారే స్వేచ్ఛ ఇచ్చినంత మాత్రాన సమానత్వం రాదని అమెరికా ఎప్పుడో అనుభవంతో తెలుసుకున్నది. నల్లవారిని వేరు బడులలో ఉంచడం రాజ్యాంగ విరుద్ధమని అక్కడి సుప్రీం కోర్టు 1954లో తీర్పు చెప్పింది. తరువాత వర్జీనియా రాష్ట్రంలోని న్యూ కెంట్ కౌంటీ ఒక ఉపాయం పన్నింది: ఎవరికి ఇష్టమైన బడిని వారు ఎంచుకోవచ్చునన్నది. మూడేళ్ళు గడిచాయి. నల్లవారి బడికి ఒక్క తెల్ల విద్యార్థి కూడా రాలేదు. నల్ల పిల్లలలో నూటికి 85 మంది పాత బడిలోనే ఉండిపోయారు. మార్పు భారాన్ని పిల్లల మీద, తల్లిదండ్రుల మీద మోపడం చెల్లదని 1968లో అదే న్యాయస్థానం తేల్చింది. 1974లో డెట్రాయిట్ వ్యాజ్యంలో మాత్రం నగరానికీ చుట్టుపక్కల సంపన్న శివార్లకూ కలిపి పిల్లలను బడులకు పంచాలన్న ఏర్పాటును తోసిపుచ్చింది. జిల్లా సరిహద్దు రేఖే అక్కడ గోడ అయింది.

మన ప్రాంతంలో ఆ గోడ పని మాధ్యమం చేస్తున్నది. నిబంధనల ప్రకారం 5వ తరగతి వరకు 1 కిలోమీటరు, 8వ తరగతి వరకు 3 కిలోమీటర్ల లోపల బడి ఉండాలి. ఈ దూరాన్ని కొలిచేటప్పుడు అది ఏ భాషలో బోధించే బడి అన్నది లెక్కకు రాదు. సాధ్యమైనంత మేరకు మాతృభాషలోనే బోధన జరగాలని అదే చట్టం 29వ సెక్షనులో ఉన్నది. ప్రాథమిక దశలో అందుకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఎ అధికరణం చెబుతున్నది. అయినా ఉర్దూలో 5వ తరగతి ముగించిన బాలిక ఊరిలో ఉర్దూ ఉన్నత పాఠశాల లేకపోతే ఏం చేయాలి? దూరపు పట్టణానికి పోవాలి, లేదా 'వర్షం', 'భిన్నం' అన్న మాటలనే మొదటిసారి వింటూ తెలుగు తరగతిలో కూర్చోవాలి. రెండింటికీ ఇష్టపడని ఇంటిలో చదువు అక్కడితో ఆగుతుంది. 2022-23 నుండి ప్రభుత్వ బడులలో 1 నుండి 8 తరగతులకు ఆంగ్ల మాధ్యమం ప్రవేశపెట్టారు గనుక గోడ రూపు కొంత మారింది గాని ఎత్తు తగ్గిందనలేము. 2016లో 71 పాఠశాలలతో ఆరంభమైన మైనారిటీ గురుకులాలు ఎందరికో మేలు చేశాయి. వాటిలో ముఖ్య ప్రవేశం 5వ తరగతిలోనే. అప్పుడు తప్పిపోయిన వారు ఖాళీల కొరకు ఎదురుచూడాలి. 8వ తరగతి దాటితే విద్యాహక్కు చట్టమే వెంట రాదు.

ఆదిలాబాద్ అడవులలో ఇదే సమస్య ఇంకా పాతది. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన పిమ్మట నిజాం ప్రభుత్వం గోండుల స్థితిగతులను పరిశీలింపజేసింది. ఆ పని చేపట్టిన హైమెండార్ఫ్ చొరవతో 1943లో మార్లవాయిలో గోండు యువకులకు ఉపాధ్యాయ శిక్షణ మొదలైంది. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు తయారైనాయి. ఇంటి భాష నుండి బడి భాషకు పిల్లవాడు మెల్లగా నడిచి రావడానికి వేసిన వంతెన అది. తరువాతి కాలంలో ఆ వంతెన నిలువలేదు. గూడెం బడి నుండి ఆశ్రమ పాఠశాలకు వచ్చే గోండు బాలునికి టి.సి. ఇబ్బంది ఉండకపోవచ్చు, అతడు మారుతున్నది బడిని కాదు, భాషను.

ఇక పెద్దపల్లి పరిసరాలలోని ఇటుక బట్టీలకు ఏటా ఒడిశా నుండి కుటుంబాలు వస్తాయి. వారి పిల్లలు విద్యా సంవత్సరం నడుమ ఊరు విడిచి, వానలకు ముందు తిరిగి పోతారు. 5వ సెక్షను రాష్ట్రం దాటి వచ్చిన వారికీ వర్తిస్తుంది. కాగితం లేని బిడ్డను వయస్సుకు తగిన తరగతిలో చేర్చుకోవాలని 4వ సెక్షను ఆదేశించింది. అయితే ఒడియా తెలిసిన ఉపాధ్యాయుడు లేనిదే ఆ హక్కుకు అర్థం లేదని గ్రహించి, బట్టీల దగ్గరనే ఒడియాలో చెప్పే బడులు నడిపారు. నా దృష్టిలో ఈ ప్రాంతంలో బదిలీ సమస్యను సరిగా అర్థం చేసుకున్న ప్రయత్నం అదే.

మన సంస్థల విషయం కూడా ప్రస్తావించక తప్పదు. 2012 సవరణతో మదరసాలు ఈ చట్ట పరిధి నుండి తొలగాయి. ముస్లిం పిల్లలలో పూర్తికాలం మదరసాలో చదివేవారు నూటికి నలుగురికి మించరని సచార్ కమిటీ 2006లోనే చూపింది. ఆ కొద్దిమంది బడికి రాదలచినపుడు టి.సి. ఎక్కడిది అని అడగడం సరికాదు. వారికి కూడా 4వ సెక్షనే దారి. 2014 మే 6న ప్రమతి వ్యాజ్యంలో సుప్రీం కోర్టు రాజ్యాంగ ధర్మాసనం మైనారిటీ పాఠశాలలకు ఈ చట్టం వర్తించదని తీర్పు చెప్పింది. మన స్వయంప్రతిపత్తికి అది రక్షణ. కాని దాని ఫలితంగా, మైనారిటీ యాజమాన్యం బాకీ పేరుతో టి.సి.ని బీరువాలో పెట్టి తాళం వేస్తే, ఆ పేద ముస్లిం తండ్రి 5వ సెక్షనును చూపలేడు. 2025 సెప్టెంబర్ 1న ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పునఃపరిశీలించవలసి ఉన్నదని భావించి ప్రధాన న్యాయమూర్తికి నివేదించింది. న్యాయస్థానం ఏమి చెప్పినా, బీరువా తాళం చెవి మాత్రం ఆయా కమిటీల చేతిలోనే ఉన్నది.