మెత్తని ప్లాస్టిక్ ఎరల తయారీ: వేడి అదుపులోనే లాభం

కొర్రమీను, పండుగప్ప వంటి వేటాడే చేపలను గాలంతో పట్టేవారు కప్ప, చిన్నచేప ఆకారాలలో ఉండే మెత్తని ప్లాస్టిక్ ఎరలను వాడుతుంటారు. కొద్దిపాటి పరికరాలతో వీటిని ఇంటివద్దనే తయారు చేయవచ్చు.

దీనికి ముడిసరుకు ప్లాస్టిసాల్ అనే పాలవంటి ద్రవం. పి.వి.సి. పొడిని, దానిని మెత్తబరిచే ద్రవంలో కలిపి దీనిని చేస్తారు. రంగు కలిపి, సుమారు 175 డిగ్రీల సెల్సియస్ వరకు నెమ్మదిగా వేడిచేస్తే ఇది చిక్కబడి, తిరిగి పలుచనవుతుంది. అప్పుడు అచ్చులో పోసి చల్లార్చాలి.

తొలి అచ్చును ప్లాస్టర్ ఆఫ్ పారిస్‌తో చేసుకోవచ్చు. అయితే అది పూర్తిగా ఆరాలి. తడి మిగిలితే ఆవిరై, వేడి ప్లాస్టిక్ ఒంటిపైకి చిందుతుంది. వేడి మితిమీరితే సరుకు మాడి, ఊపిరితిత్తులకు హానిచేసే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వెలువడుతుంది. అందువలన ఆరుబయట, పిల్లలకు దూరంగా, ఉష్ణమాపకం, చేతితొడుగులు, రక్షణ కళ్లద్దాలు ఉపయోగించి పనిచేయాలి. ఆ గిన్నెను వంటకు వాడరాదు.

ఆకారం చెడిన ఎరలను మళ్లీ కరిగించవచ్చు. మాడిన సరుకు మాత్రం పూర్తి నష్టమే. కాబట్టి మొదట కొద్ది సరుకుతో చేయి తిప్పుకొని, నమూనాలను దుకాణదారులకు చూపాలి. వ్యర్థాన్ని కూడా కలిపి ఒక్కొక్క ఎరకయ్యే ఖర్చు లెక్కకట్టాలి. వ్యాపారులు ఈ ఎరలను గట్టి ప్లాస్టిక్ ఎరలతో కలిపి నిల్వచేయరాదు. రెండూ అంటుకొని పాడవుతాయి.

2015లో ప్రారంభమైన ప్రధానమంత్రి ముద్రా యోజనలోని ‘శిశు’ విభాగం క్రింద రూ. 50,000 వరకు తాకట్టు లేని రుణానికి దరఖాస్తు చేయవచ్చు. పని పట్టుబడి, కొనేవారు కుదిరిన పిదప తీసుకొన్న అప్పే సులువుగా తీరుతుంది.