పడవలోనూ ట్రాక్టరులోనూ ఒకే సమాచార బాట

సముద్రంలో పడవ నడిపేవారికి స్థానాన్ని జి.పి.ఎస్., లోతును ఎకో సౌండర్, దిశను దిక్సూచి తెలుపుతాయి. వీటిని అనుసంధానించేందుకు అమెరికాలోని నేషనల్ మెరైన్ ఎలక్ట్రానిక్స్ అసోసియేషన్ 1983లో ఎన్.ఎం.ఇ.ఎ. 0183 ప్రమాణాన్ని వెలువరించింది. ఇందులో ఒక తీగ జతపై ఒకే పరికరం సమాచారం పంపుతుంది, మిగిలినవి స్వీకరిస్తాయి. సాధారణ వేగం సెకనుకు 4,800 బిట్లు; ఓడల గుర్తింపునకు వాడే ఎ.ఐ.ఎస్.కు 38,400. ఇరువైపులా ఒకే వేగాన్ని అమర్చకపోతే, తీగలు సక్రమంగా ఉన్నా సమాచారం అందదు.

తరువాత వచ్చిన ఎన్.ఎం.ఇ.ఎ. 2000లో పరికరాలన్నీ ఒకే ప్రధాన తీగపై, సెకనుకు 2,50,000 బిట్ల వేగంతో సమాచారాన్ని పంచుకుంటాయి. ఆ తీగ రెండు చివరలా 120 ఓముల నిరోధకాలు తప్పనిసరి. విద్యుత్ సరఫరా నిలిపి కొలిచినప్పుడు సుమారు 60 ఓములు రావాలి. 120 వస్తే ఒక నిరోధకం లేదని, లేదా తీగ తెగిందని గ్రహించాలి. ఒక్కొక్క శాఖా తీగ పొడవు 6 మీటర్లకు మించరాదు.

ట్రాక్టర్లలోని ఐసోబస్ కూడా ఇదే కాన్ బస్ సాంకేతికతపై, ఇదే వేగంతో పనిచేస్తుంది. జి.పి.ఎస్. వేగాన్ని బట్టి మందు మోతాదును సరిచేసే స్ప్రేయరుకు ఆ సమాచారం ఆలస్యంగా చేరితే, ట్రాక్టరు వేగం మారిన చోటల్లా మోతాదు తప్పుతుంది, నష్టపోయేది పైరు. కనుక యంత్రాన్ని అనుమానించే ముందు వేగపు అమరికను, నిరోధాన్ని పరీక్షించే అలవాటును విద్యార్థులకు ప్రయోగశాలలోనే నేర్పడం ఆవశ్యకం.