‘ఓహానా’: చేమ పిలక నుంచి వెండితెరకు

డిస్నీ సంస్థ 2002లో విడుదల చేసిన యానిమేషన్ చిత్రం ‘లీలో అండ్ స్టిచ్’ కథ హవాయి దీవుల్లో ఒకటైన కవాయిలో సాగుతుంది. తల్లిదండ్రులను కోల్పోయిన బాలిక లీలోను అక్క నానీ పెంచుతుంటుంది. ప్రభుత్వాధికారి తమను విడదీస్తారేమోనన్న భయం ఆ అక్కాచెల్లెళ్లను వెంటాడుతుంది.

చిత్రంలో పదే పదే వినిపించే ‘ఓహానా’ అనే మాటకు కుటుంబమని అర్థం. దీనికి మూలం ‘ఓహా’, అంటే చేమ తల్లిదుంప నుంచి పుట్టే పిలక. హవాయి ప్రజలకు చేమ తరతరాల ఆహారం. వారి పురాణగాథలో మానవునికి అన్న. చిత్రంలోనైతే, వేరే గ్రహం నుంచి వచ్చిన స్టిచ్ కూడా ఈ కుటుంబంలో ఒకడవుతాడు.

1896 నాటి చట్టం ఆంగ్లాన్నే బోధనా మాధ్యమం చేయడంతో హవాయి భాష పాఠశాలలకు దూరమైంది. 1978లో అధికార భాష హోదా పొందింది. ఒకనాడు బడిలో చోటు దక్కని ఆ భాషలోని మాటను నేడు ఎన్నో దేశాల పిల్లలు పలుకుతున్నారు.