నీళ్లు ఎందుకు కాగడం లేదు? - ఇంటి బాయిలరులో ఉష్ణశాస్త్రం



ఛత్తీస్‌గఢ్‌లోని భిలాయి పేరు వినగానే మనకు ఉక్కు గుర్తుకు వస్తుంది. 1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా ఏర్పడిన ఆ కర్మాగారంలో తొలి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలు అక్కడికి వెళ్లి స్థిరపడ్డాయి. కొలిమిలో ఇనుము కరిగి సుమారు 1500 డిగ్రీల వేడితో బయటికి వస్తుంది. అదే ఊళ్లో, డిసెంబరు ఉదయాన, ఒక క్వార్టరులో బకెట్టు నీళ్లు 40 డిగ్రీలకు చేరకపోతే ఇంటిల్లిపాదికీ ఇబ్బందే. కొలిమికీ, బాయిలరుకూ వర్తించే సూత్రాలు ఒకటే. వాటి సాయంతో లోపాన్ని ఎలా కనిపెట్టాలో ఈ పాఠంలో తెలుసుకుందాం.

ముందు లెక్క చూద్దాం

15 లీటర్ల గీజరు, 2 కిలోవాట్ల ఎలిమెంటు, 18 డిగ్రీల చన్నీళ్లు తీసుకోండి. ఒక కిలోగ్రాము నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి 4.2 కిలోజౌళ్లు కావాలి. కనుక నీటిని 60 డిగ్రీలకు తేవడానికి 15 × 4.2 × 42, అంటే 2646 కిలోజౌళ్లు అవసరం. ఎలిమెంటు సెకనుకు 2 కిలోజౌళ్లు ఇస్తుంది. అంటే దాదాపు 22 నిమిషాలు పడుతుంది.

పది నిమిషాలకే కొళాయి తిప్పి "నీళ్లు కాగలేదు" అంటే అది గీజరు తప్పు కాదు. అలాగే 60 డిగ్రీల నీళ్లు 15 లీటర్లుంటే, చన్నీళ్లు కలిపి 40 డిగ్రీల నీళ్లు సుమారు 28 లీటర్లు తయారుచేయవచ్చు. ఇద్దరు స్నానం చేశాక మూడోవారికి చన్నీళ్లు వస్తే అందులో ఆశ్చర్యం లేదు.

వోల్టేజిని కూడా గమనించండి. ఎలిమెంటు సామర్థ్యం వోల్టేజి వర్గానికి అనులోమానుపాతంలో ఉంటుంది. 230 వోల్టులకు బదులు 190 వోల్టులే అందితే సామర్థ్యం 68 శాతానికి పడిపోతుంది. అప్పుడు 22 నిమిషాల పని 32 నిమిషాలు పడుతుంది.

దీపం చెప్పే సంగతులు

లెక్క ప్రకారం ఆగినా నీళ్లు కాగకపోతే గీజరు మీది దీపాన్ని చూడండి. చాలా గీజర్లలో నీళ్లు కాగుతున్నంతసేపు అది వెలుగుతుంది.

దీపం అసలు వెలగకపోతే కరెంటు అందడం లేదు, లేదా వేడి మితిమీరినప్పుడు సరఫరాను ఆపే కటౌట్ తెగి ఉంటుంది. ఎంతసేపు వెలిగినా నీళ్లు చల్లగానే ఉంటే ఎలిమెంటు కాలిపోయి ఉండవచ్చు.

నీళ్లు గోరువెచ్చగా ఉండగానే దీపం ఆరిపోతే థర్మోస్టాట్‌ను అనుమానించాలి. దానిలో ఇత్తడి గొట్టం, లోపల ఇన్వార్ కడ్డీ ఉంటాయి. వేడికి ఇత్తడి ఎక్కువగా వ్యాకోచిస్తుంది, ఇన్వార్ దాదాపు వ్యాకోచించదు. ఆ తేడాయే స్విచ్చిని తెరుస్తుంది.

దీపం సరిగ్గానే ఆరి, కొళాయి నుంచి మాత్రం గోరువెచ్చని నీళ్లే వస్తుంటే పైపులను చూడాలి. చన్నీళ్లు ట్యాంకు అడుగున చేరాలి, వేడినీళ్లు పైభాగం నుంచి రావాలి. కొత్తగా బిగించినప్పుడు ఈ రెండూ తారుమారైతే కొద్ది నీళ్లకే వేడి తగ్గిపోతుంది. మిక్సరు కొళాయిలో చన్నీళ్లు కలిసిపోతున్నా ఇదే లక్షణం కనబడుతుంది.

సున్నపు పెచ్చు - ఒక ప్రశ్న

కఠిన జలాన్ని కాచినప్పుడు కాల్షియం కార్బొనేట్ తెల్లని పెచ్చుగా పేరుకుంటుంది. అది ఉష్ణ అధమవాహకం. ఎలిమెంటు మీద పెచ్చు కడితే నీటికి అందే వేడి తగ్గుతుందా? చాలామంది "అవును" అంటారు. ఆలోచించండి: ఎలిమెంటు నీటిలోనే మునిగి ఉంది. పుట్టిన వేడి నీటిలోకి తప్ప మరెక్కడికి పోతుంది? పెచ్చు వల్ల ఎలిమెంటు మరింత వేడెక్కి త్వరగా కాలిపోతుంది. పెచ్చు థర్మోస్టాట్ గొట్టం దాకా పెరిగితే, ఎలిమెంటు వేడి నేరుగా దానికి తగిలి స్విచ్చి ముందుగానే తెరుచుకుంటుంది. నీళ్లు కాగకపోవడానికి అసలు కారణం అదీ.

పాత రాగి బాయిలరు సంగతి వేరు. దాని నడిమి గొట్టంలో బొగ్గులు మండుతాయి, చుట్టూ నీళ్లుంటాయి. ఆ గొట్టానికి లోపల మసి, బయట పెచ్చు పట్టితే వేడి నీటిలోకి వెళ్లలేక పొగతో పాటు పైకి పోతుంది. ఇక్కడ నిజంగానే నష్టం జరుగుతుంది. అడుగు జాలీలో బూడిద నిండితే గాలి అందక మంట కూడా మందగిస్తుంది. బ్లాస్ట్ ఫర్నేస్‌కు కింది నుంచి వేడిగాలిని ఊదేది కూడా మంటకు ఆక్సిజన్ అందించడానికే.

ప్రాణాల మీదికి తెచ్చుకోకండి

గాలి చాలని మంట కార్బన్ మోనాక్సైడ్‌ను పుట్టిస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హీమోగ్లోబిన్‌తో అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా బంధం ఏర్పరుస్తుంది. 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో ఒక పంపుహౌసు వైఫల్యంతో నీటి పీడనం పడిపోయి, బ్లాస్ట్ ఫర్నేస్ వాయువు లీకైంది. అందులోని కార్బన్ మోనాక్సైడ్‌కు ఆరుగురు బలయ్యారు. తలుపులు మూసిన స్నానాల గదిలో బొగ్గుల బాయిలరు గానీ, గ్యాసు గీజరు గానీ వెలిగిస్తే పుట్టగలిగేది ఆ వాయువే. తలనొప్పి, కళ్లు తిరగడం అనిపిస్తే వెంటనే బయటికి రండి.

విద్యుత్ గీజరు మూతను మీరు తెరవకండి. గోడ మీది స్విచ్చి ఆపితే చాలదు. మెయిన్ ఆపించి, ఎలక్ట్రీషియన్ చేతనే చూపించండి. ఎర్త్ తీగ ఉందో లేదో అడగండి. 15 లీటర్ల నీళ్లు 20 నుంచి 60 డిగ్రీలకు కాగితే సుమారు పావు లీటరు వ్యాకోచిస్తాయి. అందువల్ల పీడన వాల్వు నుంచి చుక్కలు పడుతున్నాయని దాన్ని ఎన్నడూ బిగించి మూయకండి. అలా మూస్తే ట్యాంకు పగిలిపోయే ప్రమాదం ఉంది.

మీరు చేసి చూడండి

1. మీ ఇంటి గీజరు మీద రాసి ఉన్న లీటర్లు, వాట్లు చూసి, నీళ్లు కాగడానికి పట్టే సమయాన్ని లెక్కకట్టండి. గడియారంతో పోల్చండి.

2. 3 కిలోవాట్ల ఇన్‌స్టంట్ గీజరులో నిమిషానికి 3 లీటర్లు పారితే ఉష్ణోగ్రత దాదాపు 14 డిగ్రీలే పెరుగుతుంది. కొళాయిని సగానికి తగ్గిస్తే ఏమవుతుంది? ఎందుకు?