లాక్‌ పడకపోతే ఏమంటారు?

నంద్యాల, ఆళ్లగడ్డ కాలేజీల నుంచి టూర్‌కెళ్లిన చాలామందికి హైదరాబాద్‌ శివారు రావిర్యాలలోని వండర్‌లా తెలిసిందే. అలాంటి పార్కులో రైడ్‌ ఆపరేటర్‌గా చేరాలనుకుంటున్నారా? అయితే ఒక్క ప్రశ్న. లావుగా ఉన్నాయనకు సేఫ్టీ బార్‌ లాక్‌ పడట్లేదు, వెనక క్యూ అరుస్తోంది. ఏం చేస్తారు?

‘గట్టిగా నొక్కేస్తా’ అంటే మాత్రం ఈ పనికి దూరంగా ఉండండి! లాక్‌ పడందే రైడ్‌ కదలకూడదు. అలాగని ‘మీరు లావండీ’ అంటే నలుగురిలో ఆయన పరువేం కాను? అసలు సమస్య బరువొక్కటే కాదు. ఛాతీ, పొట్ట, తొడల కొలతలు. జిమ్‌ కుర్రాడికీ భుజాల దగ్గర బార్‌ దిగకపోవచ్చు. అమెరికాలోని ఓర్లాండో యూనివర్సల్‌లో 2010లో హ్యారీ పోటర్‌ రైడ్‌ మొదలైనప్పుడు ఇదే గొడవ. ఆ ఏడాదే కొన్ని సీట్లను మార్చాల్సి వచ్చింది. అక్కడ క్యూలో చేరకముందే కూర్చుని చూసుకోవడానికి టెస్ట్‌ సీటు కూడా ఉంటుంది.

అది లేనిచోట ఆ పని మీ నోటితోనే జరగాలి. పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, ‘ఈ సీటు మీకు సరిపోవట్లేదు సార్‌, అటువైపు రైడ్‌ చూద్దాం రండి’ అనాలి.